ఎనేబుల్ పాస్‌వర్డ్ ఇవ్వలేదని ఉద్యోగం మానేయాలా?

ప్రశ్న: మావాడు ఒంగోలులో డిప్లొమా ఈసీఈ చేసి, నాలుగు నెలలుగా నెల్లూరులో ఒక ఆసుపత్రిలో నెట్‌వర్క్ పని చూస్తున్నాడు. కంప్యూటర్లన్నిటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లోకి లాగిన్ అయి చూడనిస్తారే గానీ ఏమీ మార్చనివ్వరట. ‘ఇక్కడ నేర్చుకునేదేం లేదు, హైదరాబాద్ పోయి కోర్సులో చేరతా’ అంటున్నాడు. పంపమంటారా? – ఒక తండ్రి, కావలి

జవాబు: ఇప్పుడే పంపకండయ్యా. మీవాడి బాధ నాకు తెలుసు, ఆ వయసులో నేనూ పడ్డాను. కానీ అది అవమానం కాదు. సోమశిల డ్యామ్‌లో నీటిమట్టం ఎంతుందో ఎవరైనా చూడొచ్చు, గేటు ఎత్తాలంటే మాత్రం ఇంజనీరు చెప్పాలి కదా. స్విచ్ కూడా అంతే.

సిస్కో కంపెనీ స్విచ్‌లలో 0 నుంచి 15 దాకా 16 అధికార స్థాయిలుంటాయి. మామూలుగా లాగిన్ అయితే 1వ స్థాయి, తెర మీద స్విచ్ పేరు పక్కన బాణం గుర్తు (>) కనిపిస్తుంది. ‘ఎనేబుల్’ కొట్టి పాస్‌వర్డ్ ఇస్తే 15వ స్థాయి, బాణం పోయి హ్యాష్ గుర్తు (#) వస్తుంది. అక్కడ అన్నీ చేయొచ్చు, అన్నీ చెడగొట్టనూ వచ్చు.

ఎలాగంటారా? నేను నెట్‌వర్క్ పనిలో కుదిరిన కొత్తలో ఒక కాలేజీలో ట్రంక్ పోర్టుకి కొత్త వీల్యాన్ కలపమన్నారు. వీల్యాన్ అంటే ఒకే స్విచ్ మీద విడిగా నడిచే చిన్న నెట్‌వర్క్, అలాంటివాటిని చాలా మోసుకెళ్లే దారి ట్రంక్ పోర్టు. ఆ ఆదేశంలో ‘యాడ్’ అనే మాట రాయాలి. మరిచిపోయాను. ఆ ఒక్క మాట లేకపోతే ఉన్నవాటికి కొత్తది కలవదు, కొత్తదొక్కటే మిగిలి పాతవన్నీ తెగిపోతాయి. ల్యాబులు, ఆఫీసు, నేను కూర్చున్న కనెక్షన్ కూడా పోయాయి. సేవ్ చేయలేదు కాబట్టి స్విచ్‌ని ఆపి మళ్లీ ఆన్ చేస్తే పాత కాన్ఫిగరేషన్, అంటే పాత సెట్టింగులు, తిరిగొచ్చింది, బతికిపోయాను. అదే ఆసుపత్రిలో అయితే? ల్యాబ్ రిపోర్టు కోసం డాక్టరు, బిల్లు కోసం రోగి ఇంటివాళ్లు ఎదురుచూస్తూ ఉంటారు. మీవాడి పైఅధికారి భయం నాకు న్యాయంగానే అనిపిస్తోంది.

ఇక నేర్చుకునేదేం లేదన్న మాట నేను ఒప్పుకోను. బాబూ, నీకే చెబుతున్నా. బాణం గుర్తు దగ్గర ప్రశ్నార్థకం కొట్టు, నీకు అనుమతి ఉన్న ఆదేశాలన్నీ వరసగా వస్తాయి. షో వెర్షన్, షో వీల్యాన్, షో ఇంటర్‌ఫేసెస్, పింగ్ అక్కడే పనిచేస్తాయి. షో ఇంటర్‌ఫేసెస్‌లో సీఆర్‌సీ ఎర్రర్ల (దారిలో చెడిపోయి వచ్చిన డేటా లెక్క) అంకె రోజురోజుకీ పెరుగుతోందా? ఆ కేబులో, కనెక్టరో పాడవుతోందని ముందే పట్టుకోవచ్చు. రోజూ నోట్‌బుక్‌లో రాసుకుని సార్‌కి చూపించు. ఆదేశాలు కొట్టేవాళ్లు చాలామందే ఉన్నారు, వచ్చిన జవాబు చదవగలిగేవాళ్లే దొరకడం లేదు.

మార్పులు చేసే సరదా ఇంట్లో తీర్చుకో. కంప్యూటర్లోనే ఉత్తుత్తి నెట్‌వర్క్ కట్టి సాధన చేసే సాఫ్ట్‌వేర్ సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ చాలు. అందులో 15వ స్థాయి నీదే. నేను చేసిన ట్రంక్ తప్పు కావాలని చేసి చూడు, మళ్లీ సరిచెయ్యి. సిస్కో వాళ్ల నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్ సీసీఎన్‌ఏ పరీక్షకీ ఈ సాధనే పునాది.

రెండు నెలలయ్యాక సార్‌ని ఎనేబుల్ పాస్‌వర్డ్ అడగొద్దు. మధ్య స్థాయి అడుగు. 2 నుంచి 14 దాకా స్థాయిల్లో ఏ ఆదేశాలుండాలో అడ్మినే పెట్టుకోవచ్చు. ‘సార్, నా పేరుతో యూజర్ పెట్టి 5వ స్థాయి ఇవ్వండి, పోర్టు ఆపడం, తెరవడం వరకే ఉండేట్టు చూడండి’ అను. నీ పేరుతోనే లాగిన్ ఉంటే ఎవరేం చేశారన్న గొడవా రాదు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నా: సార్ టైపు చేస్తుంటే పాస్‌వర్డ్ చూసి పెట్టుకోవడం, కాన్ఫిగరేషన్ ఫైల్లోంచి దాన్ని విప్పి తీయడం చేయొద్దు. ఆ ఫైల్లో టైప్ 7 అనే బలహీనమైన పద్ధతిలో దాచిన పాస్‌వర్డ్ విప్పడం చిటికెలో పని, కానీ దొరికితే ఈ వృత్తిలో నిన్ను ఇంకెవరూ నమ్మరు.

అయ్యా, ఇంత చేశాక కూడా ఏడాది నిండేసరికి ఒక్క మెట్టు ఎక్కనివ్వకపోతే, అప్పుడు వేరేచోట ఉద్యోగం వెతుక్కోమనండి. కోర్సు ఫీజు కట్టేముందు ప్యాకెట్ ట్రేసర్‌లో తాను కట్టిన నెట్‌వర్క్ ఒకటి మీకు చూపించమనండి.