ఆన్‌లైన్‌లో ఒకటి కొంటే ఇంకోటి పంపారు, కార్డు మీద డిస్ప్యూట్ (డబ్బు వెనక్కిప్పించమని బ్యాంకుకి పెట్టే కంప్లైంట్) వేస్తే డబ్బులొస్తాయా? యూపీఐతో కట్టుంటే ఇంకా తేలికయ్యేదా?

వస్తాయండి, నాకు వచ్చాయి. యూపీఐతో కట్టుంటే తేలికేం కాదు, ఇంకా కష్టమయ్యేది, ఇది మా ఇంట్లోనే చూశా.

పోయిన ఏడాది తెనాలిలో ఉన్న మా అమ్మ కోసం ఫోన్‌లో యాడ్ చూసి రెండు లీటర్ల వెట్ గ్రైండర్ బుక్ చేశా, 4,299 రూపాయలు, క్రెడిట్ కార్డు మీద. పార్సిల్ రాగానే అమ్మ ఫోన్ చేసి "ఒరేయ్, ఒంటిచేత్తో లేచిపోతోందిరా, రాళ్ళు పెట్టలేదా ఏంటి" అంది. వీడియో కాల్‌లో విప్పిస్తే ఉండ చుట్టిన పాత పేపర్లు, మధ్యలో ఒక ప్లాస్టిక్ దువ్వెన. షాపు నంబర్ స్విచాఫ్.

బ్యాంకు కస్టమర్ కేర్‌లో మనిషి దొరికేసరికి అరగంట, ఆ బటన్ నొక్కు ఈ బటన్ నొక్కు అని ప్రాణం తీస్తారు. దొరికినాయన "ఓటీపీ మీరే కొట్టారు కద సార్, మేమేం చేయలేం" అన్నాడు. చాలామంది ఇక్కడే వదిలేసుకుంటారు, నాకు ఒళ్ళు మండేది కూడా ఇక్కడే. కట్టింది నేను కాదని నేనెప్పుడన్నాను? కొన్న వస్తువు రాలేదంటున్నా. అందుకే డిస్ప్యూట్ ఫారంలో ఫ్రాడ్ అని పెట్టకండి, "వేరే వస్తువు వచ్చింది" అనే పెట్టండి. వీసా, మాస్టర్‌కార్డ్ రూల్స్‌లో డిస్ప్యూట్ వేయడానికి మామూలుగా 120 రోజులుంటుంది గానీ మీ బ్యాంకు ఇంకా తక్కువ చెప్పొచ్చు, కాబట్టి రీఫండ్ వస్తుంది వస్తుంది అని షాపువాడు నాన్చుతుంటే నమ్మి కూర్చోవద్దు.

నేనూ అలాగే పెట్టా. మూడు వారాలకి బ్యాంకు నుంచి మెయిల్, పార్సిల్ డెలివరీ అయినట్టు షాపు ప్రూఫ్ ఇచ్చింది, కేసు క్లోజ్ అని. ఆ దువ్వెన పంపింది ఇందుకేనండీ, ఏదో ఒకటి డెలివరీ అయినట్టు చూపించడానికి. అదృష్టం, అమ్మ అట్టపెట్టె పారేయలేదు. దాని మీద కొరియర్ లేబుల్‌లో బరువు 350 గ్రాములని ఉంది. ఆ సైజు గ్రైండర్ పది కిలోల దాకా తూగుతుంది కదా! లేబుల్ ఫోటో, సైట్‌లో వాళ్ళే రాసుకున్న బరువు స్క్రీన్‌షాట్ రెండూ పెట్టి బ్యాంకు నోడల్ ఆఫీసర్‌కి (కస్టమర్ కేర్ పైన కంప్లైంట్లు చూసే అధికారి) మెయిల్ కొట్టా, 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద కంప్లైంట్లు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి వెళ్తానని కూడా రాశా. రెండో నెల బిల్లులో డబ్బు వెనక్కొచ్చింది.

మా తోడల్లుడు అదే యాడ్ చూసి, యూపీఐ అయితే 300 తగ్గిస్తామంటే వాట్సాప్‌లో వాళ్ళు పంపిన స్కానర్‌కి కొట్టేశాడు. చూస్తే అది షాపు అకౌంట్ కాదు, ఎవరో మనిషి పేరు మీదుంది. యాప్‌లో కంప్లైంట్ పెడితే ట్రాన్సాక్షన్ సక్సెస్ అయింది కదా, తీసుకున్నవాళ్ళనే అడగండి అన్నారు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేసుంటే ఆ డబ్బు ఆపేవాళ్ళేమో, ఆయన రెండు వారాలకి చేశాడు. షాపు పేరు మీదున్న క్యూఆర్ అయితే కొంత దారి ఉంటుంది గానీ మనిషి అకౌంట్‌కి వెళ్తే అంతే సంగతులు. డెబిట్ కార్డుకీ డిస్ప్యూట్ ఉంది, కాకపోతే తేలేదాకా ఇరుక్కునేది మన జీతం డబ్బు.

మీ పెట్టె ఇంకా ఇంట్లోనే ఉంటే ముందు ఆ లేబుల్ ఫోటో తీసిపెట్టుకోండి, ఎండకి అక్షరాలు చెరిగిపోతాయి.