టైప్ పేర్లు పొడుగ్గా ఉన్నాయని భాష మారొద్దు

ప్రశ్న: కంప్యూటర్ సైన్స్ ఫైనలియర్ చదువుతున్నాను. సి ప్లస్ ప్లస్ బేసిక్స్ బాగానే వచ్చు. పెద్ద ప్రాజెక్టుల కోడ్ తెరిస్తే మాత్రం టైప్ పేర్లే రెండేసి లైన్లు ఉంటున్నాయి, ఏదీ బుర్రకెక్కడం లేదు. పైథాన్‌కు మారిపోనా?

జవాబు: ఈ ఒక్క కారణంతో మారకండి. విలువల టైప్ ఏమిటో కోడ్‌లోనే సూచించే టైప్ హింట్లు రాసే పైథాన్ ప్రాజెక్టుల్లోనూ ఇదే బెడద ఉంటుంది. 2023లో వచ్చిన పైథాన్ 3.12లో టైప్‌లకు వేరే పేరు పెట్టుకోవడానికి ప్రత్యేకంగా ఒక స్టేట్‌మెంటే చేర్చారు. మీకు లోటుగా ఉన్నది చదివే పద్ధతి. అది నేర్చుకుంటే వస్తుంది.

ముందు వదిలేయాల్సినవి తెలుసుకోండి. కంపైలర్ ఇచ్చే ఎర్రర్లలో స్ట్రింగ్ అనే చిన్న టైప్ 'బేసిక్ స్ట్రింగ్, క్యార్, క్యార్ ట్రెయిట్స్, అలొకేటర్' అంటూ విప్పుకుని కనిపిస్తుంది. చివరి రెండూ డిఫాల్ట్‌గా వచ్చినవే. ఎర్రర్‌ను ఎడిటర్‌లో అతికించి అలొకేటర్లు, ట్రెయిట్స్ కొట్టేయండి, కామా దగ్గరల్లా కొత్త లైను వేయండి. చాలాసార్లు అసలు టైప్ మూడు నాలుగు లైన్లకు దిగుతుంది.

మిగిలినదాన్ని బయటి నుంచి లోపలికి చదివి, మామూలు మాటల్లో చెప్పుకోండి. ఉదాహరణకు: 'మ్యాప్. కీ స్ట్రింగ్. విలువ ఒక వెక్టర్. అందులో సమయం, ఉష్ణోగ్రతల పెయిర్లు.' ఇప్పుడు పెయిర్‌కు 'రీడింగ్' అని, మొత్తానికి 'సెన్సర్ లాగ్' అని, టైప్‌కు మారుపేరు ఇచ్చే యూజింగ్ కీవర్డ్‌తో పేర్లు పెట్టండి. 'స్ట్రింగ్ వెక్టర్ మ్యాప్' లాంటి పేరు దండగ. రేపు మ్యాప్ స్థానంలో ఇంకో కంటైనర్ వస్తే ఆ పేరు అబద్ధమవుతుంది. మారుపేర్లకు పాత పద్ధతి అయిన టైప్‌డెఫ్‌తోనూ పని జరుగుతుంది కానీ, టెంప్లేట్‌కు (టైప్‌ను తర్వాత నింపుకునే మూసకు) పేరు పెట్టాలంటే 2011 స్టాండర్డ్‌లో వచ్చిన యూజింగే కావాలి.

సి లో సిగ్నల్ ఫంక్షన్ డిక్లరేషన్ మంచి అభ్యాసం. అది ఒక ఇంట్‌ను, ఒక ఫంక్షన్ పాయింటర్‌ను తీసుకుని, అదే రకం పాయింటర్‌ను తిరిగిస్తుంది. నేరుగా రాస్తే బ్రాకెట్ల పుట్ట. ఆ పాయింటర్ టైప్‌కు 'హ్యాండ్లర్' అని టైప్‌డెఫ్ పెడితే, హ్యాండ్లర్ తిరిగిచ్చే, ఇంట్‌నూ హ్యాండ్లర్‌నూ తీసుకునే ఫంక్షన్‌గా ఒక్క చూపులో అర్థమవుతుంది.

ఇంటర్వ్యూల్లో దొరికిపోయేది ఇక్కడే: కొత్త పేరు పెట్టినంత మాత్రాన కొత్త టైప్ పుట్టదు. యూజర్ ఐడీ, ఆర్డర్ ఐడీ రెండూ ఇంట్‌కే మారుపేర్లయితే, ఒకదాని బదులు ఇంకోటి పంపినా కంపైలర్ నోరు మెదపదు. తేడా పట్టుకోవాలంటే ఒక్కో దానికి చిన్న స్ట్రక్ట్ రాసి, కన్‌స్ట్రక్టర్‌కు ఎక్స్‌ప్లిసిట్ పెట్టాలి. పాయింటర్‌ను టైప్‌డెఫ్ వెనక దాచడం ఇంకో ఉచ్చు. క్యార్ పాయింటర్‌కు పేరు పెట్టి దాని ముందు కాన్‌స్ట్ రాస్తే స్థిరమయ్యేది పాయింటరే, అది చూపే అక్షరాలు కాదు. టైప్‌ను కంపైలరే తేల్చుకునే 'ఆటో' కీవర్డ్, ఇటరేటర్ల దగ్గర హాయి. అయితే ఉత్త ఆటో రిఫరెన్స్‌ను వదిలేసి కాపీ చేస్తుందని మరవకండి.

ఈ వారం ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో ఒకే ఫైల్ తీసుకోండి. రెండుసార్ల కంటే ఎక్కువ కనిపించే పొడవాటి టైప్‌లకే పేర్లు పెట్టండి, అవీ నేమ్‌స్పేస్ లోపలే. ఒక్కో పేరుకు ఒక్కో కమిట్, ప్రతిసారీ బిల్డ్, టెస్టులు. ఆ పేరే ఎందుకు పెట్టారో కమిట్ మెసేజ్‌లో ఒక వాక్యం రాయండి. రెజ్యూమెలో ఆ బ్రాంచ్ లింక్ ఇవ్వండి.