గ్రాఫికల్ ఆబ్‌స్ట్రాక్ట్ గీయడానికి ఏ సాఫ్ట్‌వేర్ మంచిది?

సాఫ్ట్‌వేర్ సంగతి తర్వాత. పేపర్ మొత్తాన్ని ఒక్క బొమ్మలో చూపించమన్నారని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదని రాశారు కదా, అసలు చిక్కు అక్కడుంది. నాకది ఓ సదస్సులో, నా పరిశోధన గురించి పెట్టిన పోస్టర్ పక్కన నిలబడ్డాక తెలిసొచ్చింది.

నాది బయోఫిల్మ్‌ల మీద పని. జిగురు పొరలో గుంపుగా ఉన్న బ్యాక్టీరియాకి యాంటీబయాటిక్ వేస్తే పైవి చస్తాయి. మందు అడుగుదాకా వెళ్లినా లోపలివి చాలావరకు బతికిపోతాయి. నేను చెప్పాల్సింది ఇంతే. పోస్టర్‌లో మాత్రం తొమ్మిది గ్రాఫులు పెట్టాను. మూడేళ్ల కష్టం, ఏది తీసేయాలన్నా మనసొప్పలేదు. రెండు గంటలు నిలబడితే, వచ్చినవాళ్లు నా మెడలో బ్యాడ్జి చదివి తలూపి వెళ్లిపోయారు. చివర్లో ఒక పెద్దాయన ఆగి, మూలన అగ్గిపెట్టంత ఉన్న మైక్రోస్కోప్ ఫోటో మీద వేలు పెట్టారు. "ఇందులో బతికినవేవి, చచ్చినవేవి?"

ఆకుపచ్చవి బతికినవి, ఎర్రవి చచ్చినవి అన్నాను.

"నాకు రెండూ ఒకేలా ఉన్నాయమ్మా."

ఎరుపు, ఆకుపచ్చ తేడా ఆయనకి తెలియదట. నాకు తల కొట్టేసినట్టయింది. మగవాళ్లలో ఈ ఇబ్బంది అంత అరుదేం కాదు, అయినా మా రంగంలో ఈ రంగుల జోడీని ఎవరూ ప్రశ్నించరు. ఎరుపు బదులు మెజెంటా పెడితే సరిపోతుంది. అంకెల్ని రంగులుగా చూపే హీట్‌మ్యాప్‌లలో ఇంద్రధనుస్సు రంగులది ఇంకో గోల. పసుపు పట్టీ దగ్గర డేటాలో లేని గట్టు కనిపిస్తుంది. గ్రాఫులు గీసే సాఫ్ట్‌వేర్ మాట్‌ప్లాట్‌లిబ్ వాళ్లు 2017లోనే ఆ రంగుల వరసని డిఫాల్ట్‌గా తీసేసి, ఊదా నుంచి పసుపు దాకా మెల్లగా మారే విరిడిస్ పెట్టారు. మన స్లయిడ్లలోంచి మాత్రం అది పోదు.

ఆ రాత్రి ప్రోగ్రామ్ షీటు వెనక నల్ల పెన్నుతో గీశాను. పొరని నిలువుగా కోస్తే ఎలా ఉంటుందో అలా. పైన ఇంటూ మార్కులు, లోపల సున్నాలు, మందుకి గుర్తుగా అన్నిచోట్లా ఒకేలా చుక్కలు. మర్నాడు పోస్టర్ నడిమధ్యన పిన్నుతో గుచ్చాను. వచ్చిన ప్రతివాళ్లదీ ఒకటే మాట: "చుక్కలు లోపల కూడా ఉన్నాయే, మరి ఇవెందుకు చావలేదు?" నా పేపరంతా దానికి జవాబే! లోపల తిండి, ఆక్సిజన్ తక్కువ, వాటి ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. మేము వాడిన మందు ఎదిగేవాటినే చంపుతుంది.

ఒక్క బొమ్మలో ఒక్క మాట చెప్పడమంటే, 2018లో వాతావరణ శాస్త్రవేత్త ఎడ్ హాకిన్స్ గీసిన ఉష్ణోగ్రత చారలు చూడండి. ఏడాదికో చార, చల్లటి ఏడాదికి నీలం, వేడి ఏడాదికి ఎరుపు. అక్షాల్లేవు, అంకెల్లేవు. మా పేపర్ పరిశీలించే రివ్యూయర్ చేతిలో పడి ఉంటే, కొలతల్లో ఎంత తేడా ఉండొచ్చో చూపే ఎర్రర్ బార్లు అడిగేవాడు.

ఇక మీరడిగింది: ఆ కాగితాన్నే ఇంక్‌స్కేప్‌లో మళ్లీ గీసి పంపాను, అది ఉచితం. జర్నల్ వాళ్లు ఓ మూల డీఎన్‌ఏ మెలిక కూడా పెడితే బాగుంటుందన్నారు. నా పేపర్‌లో డీఎన్‌ఏ ఊసే లేదు.