పాలిస్టర్ అని బిల్లు, చేతికి వేరే తాడు

ప్రశ్న: మాది కళింగపట్నం దగ్గర. చిన్న కొయ్య తెరచాప పడవ మీద చేపల వేటే జీవనాధారం. పాత నార తాడులా కనిపించే సింథటిక్ తాడు కావాలని విశాఖపట్నంలో ఒక దుకాణంలో అడిగాను. పాలిస్టర్ అని చెప్పి, బిల్లులో కూడా అదే రాసి ఇచ్చారు. ఏడాది తిరగకుండానే ఎండకు పొడిలా రాలడం మొదలై, చాప ఎత్తుతుండగా తెగింది. చాప కూడా చిరిగింది. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని బిల్లు మీదే ఉందని, వ్యాపారానికి కొన్నాను కాబట్టి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే హక్కు లేదని అంటున్నారు. నిజమేనా?

– ఒక మత్స్యకారుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: రెండూ నిజం కావు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(7) ప్రకారం, స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికే కొన్న వస్తువు ‘వాణిజ్య ప్రయోజనం’ కిందికి రాదు. మీ పడవ మీద మీరే వేటకు వెళ్తున్నారు కనుక మీరు వినియోగదారుడే. ఇక బిల్లు మీద అచ్చు వేసిన ఆ వాక్యానికి దుకాణదారులు ఇచ్చే విలువ చట్టం ఇవ్వదు. లోపమున్న సరుకును వెనక్కి తీసుకోకపోవడం అదే చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి.

అసలు బలం మరోచోట ఉంది. ‘నార తాడులా ఉంటుంది, కుళ్లదు’ అని మాత్రమే చెప్పి ఉంటే మీ కేసు బలహీనమే. పాలీప్రొపిలీన్ అనే మరో రకం ప్లాస్టిక్ తాడు కూడా అలాగే ఉంటుంది, కుళ్లదు. అదేమీ చెడ్డ తాడు కాదు, చవక, తేలిక. కాకపోతే ఎండను తట్టుకునే రసాయనం కలపనిది త్వరగా పాడవుతుంది. మీకిచ్చింది అదే అయితే, దాన్ని పాలిస్టర్ పేరుతో అమ్మడమే తప్పు. వస్తువు దేనితో తయారైందో అబద్ధం చెప్పడం కూడా 2019 చట్టంలోని సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే. వర్ణన చూసి కొన్న సరుకు ఆ వర్ణనకు సరిపోవాలని 1930 నాటి వస్తు విక్రయ చట్టం, సెక్షన్ 15 ఏనాడో చెప్పింది.

కాబట్టి ముందు ఇది పాలిస్టర్ అవునో కాదో తేల్చుకోండి. జానెడు ముక్క కోసి, బకెట్ నీళ్లలో ముంచి, పోగుల మధ్య గాలి పోయేదాకా పిసికి వదలండి. పాలిస్టర్ మునుగుతుంది, పాలీప్రొపిలీన్ తేలుతుంది. ఇది మీ నమ్మకం కోసమే, సాక్ష్యం కాదు. అవసరమనుకుంటే కమిషనే నమూనాను సీలు వేసి ప్రయోగశాలకు పంపుతుంది. ఆ రుసుము మిమ్మల్నే ముందుగా కట్టమనవచ్చు. అందుకని మిగిలిన తాడును మరో పనికి వాడకండి, ఎండలో పెట్టకండి.

మొదట దుకాణానికి స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు గడువివ్వండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోను చేయవచ్చు. పని జరగకపోతే విశాఖ వెళ్లనక్కర్లేదు, మీరు నివసించే జిల్లాలోనే, అంటే శ్రీకాకుళం కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. కొన్న సరుకు విలువ 5 లక్షల రూపాయల లోపు కనుక రుసుము లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. తాడు ధరతో పాటు చిరిగిన చాపకు కూడా పరిహారం అడగండి. దాన్ని కుట్టించే ముందు ఫొటోలు తీసి, కుట్టుకూలి రసీదు తీసుకోండి.