ప్లస్, మైనస్ గుర్తుల సంగతి

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

క్లచ్ పెడలే లేని కారులో గేరు కడ్డీ పక్కన ప్లస్, మైనస్ ఎందుకున్నాయని అడిగావు. కడ్డీని ఎం, అంటే మాన్యువల్ స్థానంలో పెట్టినా గేరు మార్చేది నువ్వు కాదు. నువ్వు అడుగుతావు, ఇవ్వాలో వద్దో కంప్యూటర్ తేలుస్తుంది.

మామూలు ఆటోమేటిక్‌లో క్లచ్ పలక ఉండాల్సిన చోట టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఇంజను తిప్పే రెక్కలు నూనెను చిమ్మితే, ఆ తాకిడికి ఎదుటి రెక్కలు తిరుగుతాయి. అందుకే గేరులో ఉండగా బ్రేకు తొక్కి నిలబెట్టినా ఇంజను ఆగిపోదు. ఆ వెనకున్న ప్లానెటరీ గేర్లలో, అంటే నడిమి చక్రం చుట్టూ చిన్న చక్రాలు తిరిగే గేర్లలో, దేన్ని పట్టాలో, దేన్ని వదలాలో నూనె ఒత్తిడితో పనిచేసే లోపలి క్లచ్‌లు చూసుకుంటాయి. ప్లస్ అంటే పై గేరు, మైనస్ అంటే కింది గేరు. నువ్వు మైనస్ నొక్కితే వెళ్ళేది ఒక విద్యుత్ సంకేతం మాత్రమే. పోర్షే 1990 ప్రాంతంలో 911 కారులో టిప్‌ట్రానిక్ పేరుతో తెచ్చింది ఈ ఏర్పాటునే. సీవీటీ అనే మరో రకం ఆటోమేటిక్‌లో అయితే మెట్లు మెట్లుగా మారే గేర్లే ఉండవు. రెండు కప్పీల మధ్య బెల్టు తిరుగుతుంటే కంప్యూటర్ మెట్లున్నట్టు నటిస్తుంది. నాకు ఆ నటన రుచించదు.

ఊళ్ళో తిరిగేటప్పుడు ఎం జోలికి పోకు. అది అక్కరకొచ్చేది కొండ దిగేటప్పుడు. డీలో, అంటే మామూలు డ్రైవ్ స్థానంలో ఉంటే, యాక్సిలరేటర్ వదిలావు కదా అని చాలా కార్లు పై గేరుకు పోతాయి, బండి జోరందుకుంటుంది. నేను మొదటిసారి అలాగే బ్రేకు మీదే కాలు ఉంచి దిగాను. సగం దారిలో కాలిన వాసన, పెడల్ తొక్కినా సరిగ్గా పట్టని బ్రేకులు! వాలు మొదలవకముందే ఎంలోకి వచ్చి మూడో గేరుకో రెండో గేరుకో దిగు. ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది, బ్రేకు అప్పుడప్పుడు తొక్కితే చాలు. న్యూట్రల్‌లో మాత్రం ఎన్నడూ దిగకు.

వేగం ఎక్కువగా ఉన్నప్పుడు మైనస్ నొక్కితే గేరు దిగకపోవచ్చు. ఇంజను హద్దు మీరి తిరుగుతుందని కంప్యూటర్ ఒప్పుకోదు. అదే పనిగా నొక్కకుండా, బ్రేకుతో వేగం తగ్గించి మళ్ళీ అడుగు.

ఒక్కో కారులో ప్లస్ ముందుకు, ఒక్కో కారులో వెనక్కి ఉంటుంది. ఖాళీ రోడ్డు మీద ముందే అలవాటు చేసుకో. అప్పుడు మీ అమ్మను మాత్రం పక్కన కూర్చోబెట్టుకోకు. గేరు దిగి ఇంజను గోల పెట్టగానే కొత్త బండి పాడైందని నాకు ఫోను చేస్తుంది.

మీ మామయ్య