గండికోట ఫోటోలు తెల్లగా వస్తుంటే

రంగులు పెయింటింగ్‌లా మెత్తగా పరుచుకోవాలని కావాలనే కెమెరా కదిలిస్తూ తీస్తే ఫోటోలు తెల్లగా వస్తున్నాయని అడిగారు. వెలుగు ఎక్కువైంది, అంతే. గండికోట లోయ దగ్గర మిట్టమధ్యాహ్నం షట్టర్ అర సెకను తెరిచి ఉండేలా పెట్టి కెమెరా కదిలించానన్నారు. ఆ ఎండకి ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 100, ఎఫ్16 (లెన్స్ రంధ్రం బాగా చిన్నది) దగ్గర 1/100 సెకను చాలు. అంటే ఎఫ్16 పెట్టినా దాదాపు 50 రెట్లు ఎక్కువ వెలుగు లోపలికి వదిలినట్టు.

1. ఎన్‌డీ64 ఫిల్టర్ తగిలించండి, అది లెన్స్ ముందు పెట్టే ముదురు గాజు, దాంతో వెలుగు 64వ వంతుకు తగ్గుతుంది. ఫిల్టర్ లేకపోతే పొద్దు గుంకాక తీయండి. ఆ ఎర్ర రాయి నాకు అప్పుడే ఎక్కువ నచ్చుతుంది.

2. ఐఎస్ఓ 100, ఆటో వద్దు. కెమెరా వణుకుని సరిచేసే స్టెబిలైజేషన్ ఆపేయండి.

3. చాలామంది మరిచిపోయేది ఇదే. బటన్ నొక్కాక కెమెరా కదిలిస్తే, మొదట్లో కదలకుండా ఉన్న ఆ క్షణం కూడా ఫోటోలో పడుతుంది. మెత్తటి రంగుల మధ్య రాతి పగుళ్లు గోటి గీతల్లా మిగిలిపోతాయి. అందుకే ముందే తిప్పడం మొదలుపెట్టండి, తిరుగుతుండగానే నొక్కండి, షట్టర్ మూసుకున్నాకే ఆపండి. అక్కడి రాతి పొరలు అడ్డంగా ఉంటాయి కాబట్టి ఎడమ నుంచి కుడికి, నడుముతో తిరగండి. చేతులు మాత్రమే ఊపితే గీత వంకరపోతుంది. ఇరవై ముప్పై తీస్తే ఒకటి కుదురుతుంది, టెన్షన్ పడకండి.

లోయ అంచుకి బాగా వెనక్కి నిలబడే ఇదంతా చేయండి. కన్ను కెమెరాలో ఉంటే కాలు ఎక్కడుందో తెలియదు.

ఆ ఫోటోని పెయింటింగ్‌గా ఎలా వేయాలని కూడా అడిగారు. అక్రిలిక్ రంగు ఆరకముందే వెడల్పు బ్రష్‌తో, కెమెరా తిప్పిన వైపే ఒక్కసారి లాగండి. మళ్లీ మళ్లీ దిద్దితే రంగులు బురదవుతాయి.