నెత్తురు తగ్గిన రోజు నుంచే గేటు తాళం మరింత జాగ్రత్తగా చూసుకోండి

గుంటూరులో కింది వాటాలో ఉంటున్నామనీ, మీ పది నెలల లాబ్రడార్ నాలుగు రోజుల క్రితం మొదటిసారి ఎదకు వచ్చిందనీ, వీధిలోని ఆరేడు మగకుక్కలు అప్పుడే గేటు దగ్గర పడుకోవడం మొదలుపెట్టాయనీ రాశారు. ఈ దశలో పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ వద్దని డాక్టరుగారు చెప్పారు. పెరట్లో జామచెట్టుకు గొలుసుతో కట్టేస్తే చాలని మీ అత్తయ్యగారు అంటున్నారు. మీరేమో డైపర్ కొని తెచ్చారు. ఈ రెండింటిలో ఏది మేలని మీ ప్రశ్న. ఈ రెండూ కాపాడలేవు. ఎందుకు కాపాడలేవో, వాటి బదులు ఏం చేయాలో మా మల్లి విషయంలో నేను పడిన కష్టం నుంచి చెబుతాను.

మాది హనుమకొండ. మల్లి లాబ్రడార్‌కూ నాటుకుక్కకూ పుట్టిన పిల్ల. తొమ్మిది నెలల వయసులో ఒక ఉదయం వంటింటి టైల్స్ మీద చిన్న ఎర్రటి చుక్క కనిపించింది. ఆ రోజును మొదటి రోజుగా లెక్కపెట్టి, పది రోజుల పాటు దానిని ఇంట్లోనే ఉంచాము. ఆ పది రోజులూ మగకుక్కలు గేటు దగ్గరికి వస్తే మల్లి వాటి మీద గుర్రుమనేది, తోక కాళ్ళ మధ్యకు లాక్కుని కూర్చునేది. అది చూసి మాకు ధైర్యం కలిగింది. పదకొండో రోజున స్రావం మాంసం కడిగిన నీళ్ళ రంగుకు మారింది, మరునాటికి ఇంకా పలచబడింది. ఇక అయిపోయిందని మా ఇంట్లో అందరమూ అనుకున్నాము. పదమూడో రోజు తెల్లవారుజామున పాల ప్యాకెట్ల కోసం నేను గేటు మూరెడు తెరిచాను. మల్లి నా మోకాలికీ గేటుకూ మధ్యనుంచి దూరి వెళ్ళిపోయింది. చెప్పులు వేసుకుని నేను వీధిలోకి వచ్చేసరికి, రెండు ఇళ్ళ అవతల ఒక గోధుమరంగు కుక్కతో కలిసి, విడిపోలేకుండా లాక్ పడి నిలబడి ఉంది.

మేము చేసిన పొరపాటే చాలా ఇళ్ళలో జరుగుతుంది కనుక, మీరు ముందుగా గ్రహించవలసినది ఇదే. నెత్తురు ఎర్రగా, ఎక్కువగా కనిపించే మొదటి దశలో మగకుక్కలు వస్తాయి కాని ఆడకుక్క వాటిని దగ్గరికి రానివ్వదు. ఈ దశ సగటున తొమ్మిది రోజులు ఉంటుంది, అయితే కొన్నిటిలో మూడు రోజులకే ముగుస్తుంది, మరికొన్నిటిలో పదిహేడు రోజుల వరకు సాగుతుంది. ఆ తరువాత స్రావం గడ్డి రంగుకో లేత గులాబీ రంగుకో మారి, వాపు కాస్త మెత్తబడి, ఆడకుక్క తానే మగకుక్కను వెతుక్కుంటూ పోయే దశ వస్తుంది. ఇది కూడా సగటున తొమ్మిది రోజులే అయినా, మూడు రోజుల నుంచి ఇరవై ఒక్క రోజు వరకు ఉండవచ్చు. అంటే నెత్తురు తగ్గడం ప్రమాదం ముగిసిందనడానికి కాదు, మొదలైందనడానికి గుర్తు. పైగా కొన్ని కుక్కల్లో ఈ రెండో దశలోనూ ఎర్రటి స్రావమే కొనసాగుతుంది, కనుక రంగు ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండకూడదు. ఈసారి మీరు ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. రోజూ ఉదయం తోక మొదలు దగ్గర నడుము మీద మెల్లగా గోకండి. అది తోకను ఒక పక్కకు తిప్పి, కాళ్ళు గట్టిగా ఊని కదలకుండా నిలబడితే ఆ దశ వచ్చిందని అర్థం. మల్లి రెండోసారి ఎదకు వచ్చినప్పుడు ఇది పదో రోజున కనిపించింది. అయితే ఈ గుర్తు కనిపించేదాకా తలుపులు తెరిచి ఉంచవచ్చని మాత్రం అనుకోవద్దు.

ఒక్కసారి కలిస్తే ఏమీ కాదనే మాట కూడా వినవద్దు. అండాలు విడుదలైన తరువాత పక్వం కావడానికి మరో రెండు మూడు రోజులు పడుతుంది. మగకుక్క వీర్యకణాలు ఆడకుక్క గర్భాశయంలో దాదాపు వారం రోజులు బతకగలవు. అందువల్ల అండాలు పక్వం కావడానికి ముందు రోజుల్లో జరిగిన కలయిక కూడా చూలుకు దారితీస్తుంది. వేరువేరు రోజుల్లో వేరువేరు మగకుక్కలతో కలిస్తే ఒకే ఈతలో రెండు మూడు తండ్రుల పిల్లలు పుట్టడమూ ఉంది.

ఇప్పుడు గొలుసు మాట. పెద్దవారు ఆవును కట్టినట్టు కుక్కనూ కడితే చాలనుకోవడం సహజమే. కాని పెరట్లో కట్టేసిన ఆడకుక్క పారిపోలేదు, దాక్కోలేదు, ఇష్టం లేకపోతే ఎదురుతిరగనూ లేదు. మగకుక్కలు మాత్రం ఐదడుగుల గోడ దూకి వస్తాయి. అవి ఒకదానితో ఒకటి కొట్లాడుకుంటుంటే మధ్యలో చిక్కి గాయపడేది మీ కుక్కే. గొలుసు చెట్టుకు చుట్టుకుని మెడకు బిగుసుకుపోయే ప్రమాదం కూడా ఉంది. మీ అత్తయ్యగారికి ఈ సంగతి నెమ్మదిగా చెప్పండి, తప్పకుండా అర్థం చేసుకుంటారు. డైపర్ నేలను, పరుపులను శుభ్రంగా ఉంచుతుంది. అంతకు మించి దానితో పని జరగదు. మగకుక్క దానిని పక్కకు లాగేస్తుంది, లేదా ఆడకుక్కే నమిలి ఊడదీసుకుంటుంది. వేసినా గంటల తరబడి ఉంచితే తడికి చర్మం ఒరుసుకుపోతుంది. వాసన తెలియకుండా ఉండాలని తోకకు జండూబామ్, కర్పూరం వంటివి రాయమని కొందరు చెబుతారు. అవి చర్మాన్ని మండిస్తాయి, కుక్క నాకితే కడుపులోకి పోతాయి, మగకుక్కలు రావడం మాత్రం ఆగదు.

కాపాడేవి తలుపులు, వాటిని మూసే మనుషులు. మల్లి రెండోసారి ఎదకు వచ్చేసరికి మా నియమం ఒక్కటే: మల్లికీ వీధికీ మధ్య ఎప్పుడూ మూసిన తలుపులు రెండు ఉండాలి. గేటు తీయవలసి వస్తే ముందు మల్లిని లోపలి గదిలో ఉంచి గడియ పెట్టాలి, ఆ తరువాతే వీధి తలుపు, ఆ తరువాతే గేటు. పాలు, పేపరు, గ్యాస్ సిలిండరు, కొరియరు, పిల్లల స్కూల్ ఆటో, ఇలా మన గేటు రోజుకు ఎన్నిసార్లు తెరుచుకుంటుందో ఒక రోజు కూర్చుని లెక్కపెట్టండి. మా ఇంట్లో పద్నాలుగు సార్లని తేలింది. అప్పుడే మా అమ్మ పాల సంచిని గేటు బయట మేకుకు తగిలించింది, గేటుకు లోపలివైపు తాళం వేసి, తాళంచెవిని అందరికీ అందేలా కాక తన కొంగుకు ముడి వేసుకుంది. పనమ్మాయికి, పైవాటా వారికి, ఇస్త్రీ బట్టలు తెచ్చే ఆయనకు విషయం విడమరిచి చెప్పాము. ఇందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. చెప్పకపోతే వాళ్ళు గేటు ఎప్పటిలాగే వారగా వేసి పోతారు.

గేటును కూడా నేలమీద కూర్చుని, కుక్క కన్ను ఉండే ఎత్తు నుంచి చూడండి. మా గేటు కింద జానెడు సందు ఉండేది, దాని కింద మట్టిని అవతలి నుంచి ఒక కుక్క అప్పటికే సగం తవ్వింది. అక్కడ సిమెంటు పోయించి, గేటు లోపలివైపు అడుగు నుంచి మూడడుగుల ఎత్తు వరకు ఇనుప రేకు వెల్డింగ్ చేయించాము. జాలీయో కటకటాలో ఉంటే చాలదా అని మీకు అనిపించవచ్చు. కటకటాల గేటుకు అటూ ఇటూ నిలబడి కుక్కలు కలిసిన సందర్భాలు ఉన్నాయి కనుక, ఆడకుక్క ఒళ్ళు గేటుకు ఆనే వీలే లేకుండా చూడాలి. రేకు వేసిన తరువాత మగకుక్కలకు అది కనబడకపోవడంతో, రాత్రంతా మొరగడం కూడా కొంత తగ్గింది.

మీది కింది వాటా కనుక, మూత్రానికి, దొడ్డికి మేడ పైకి తీసుకెళ్ళే వీలుంటే అదే అన్నిటికన్నా మంచిది. పిట్టగోడ తగినంత ఎత్తుందో లేదో చూసుకుని, పైన కూడా పట్టీ వదలకండి. ఈ రోజుల్లో ఆడకుక్క మామూలుకన్నా ఎక్కువసార్లు, కొద్దికొద్దిగా మూత్రం పోస్తుంది, మగకుక్కలకు కబురు వెళ్ళేది దాని ద్వారానే. అందుకే ఇంటి ముందు, గేటు దగ్గర పోయనివ్వకండి. పోసిన చోట వెంటనే సబ్బునీళ్ళతో, వెనిగర్ కలిపిన నీళ్ళతో కడగండి. ఫినాయిల్ గాటుగా పోస్తే తడి ఆరకముందే కుక్క తొక్కి పాదాలు నాకుతుంది కనుక మేము అది వాడలేదు. బయట తిప్పడం ఈ నాలుగు వారాలు మానేసినా నష్టం లేదు. ఆ లోటును ఇంట్లోనే తీర్చండి. మల్లికి పాత తువ్వాలులో శెనగలు చుట్టి వెతికించేవాళ్ళం, అరగంట ముక్కుతో పని చేసి హాయిగా పడుకునేది. డాక్టరు దగ్గరికో మరెక్కడికో తప్పనిసరిగా వెళ్ళాలంటే, ఇంట్లోనే హార్నెస్, మెడ బెల్టు రెండూ వేసి, రెండింటికీ పట్టీ తగిలించి, కారులోనో ఆటోలోనో ఎక్కించండి. ఈ దశలో ఎంత మాట వినే కుక్క అయినా పిలిస్తే రాదు. మల్లిని మూడుసార్లు పేరు పెట్టి పిలిచాను, వెనక్కి తిరిగి కూడా చూడలేదు. అది దాని తప్పు కాదు.

గేటు బయటి మగకుక్కల మీద రాళ్ళు వేయడం, వేడినీళ్ళు పోయడం ఎవరినీ చేయనివ్వకండి. అది చట్టప్రకారం నేరం, పైగా బెదిరిన కుక్క దారినపోయే పిల్లవాడిని కరుస్తుంది. మీ కుక్కకు రేబిస్ టీకా గడువు దాటలేదని మాత్రం ఇప్పుడే కార్డు తీసి చూసుకోండి. ఇంకొక జబ్బు గురించి మన దగ్గర తక్కువ మందికి తెలుసు. కలయిక ద్వారా, నాకడం ద్వారా ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు అంటుకునే జననాంగపు కణితి వీధికుక్కల్లో తరచుగా కనిపిస్తుంది. దానికి విన్‌క్రిస్టిన్ అనే మందును వారానికొకసారి చొప్పున కొన్ని వారాలు ఇవ్వవలసి వస్తుంది. మేము అదృష్టవంతులం, మల్లికి అది రాలేదు.

ఇంత చేసినా ఒకవేళ చేయి దాటితే, లాక్ పడిన కుక్కలను లాగవద్దు, కొట్టవద్దు. ఆ రోజు పక్కింటివారు కర్రతో ఒకరు, బకెట్టు నీళ్ళతో ఒకరు వచ్చారు. మా అమ్మ అడ్డం నిలబడి ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. మగకుక్క అంగం లోపల ఉబ్బి పట్టుకుని ఉంటుంది, బలవంతంగా లాగితే రెండింటికీ చీరుకుపోతుంది. నేను రోడ్డు మీద కూర్చుని మల్లి మెడ బెల్టు పట్టుకుని, అది కూలబడకుండా కడుపు కింద చేయి పెట్టి ఇరవై నిమిషాలు ఉన్నాను. దాని గుండె నా అరచేతికి తగులుతూ ఉండేది. విడిపోయిన వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్ళవలసింది, వెళ్ళలేదు. అదే నా రెండో పొరపాటు. తెలిసిన ఒకాయన చూలు నిలవకుండా చేసే ఇంజెక్షన్ మందుల దుకాణంలో దొరుకుతుందన్నాడు, అది వేయించనందుకు మాత్రం ఈనాటికీ సంతోషిస్తున్నాను. వెనకటి రోజుల్లో వేసే ఈస్ట్రోజెన్ ఇంజెక్షన్లు గర్భాశయంలో చీము పట్టడానికి, ఎముక మజ్జ దెబ్బతినడానికి దారితీయగలవు. డాక్టరు మాత్రమే, కుక్కను చూసి, నాలుగైదు వారాలకు స్కానింగ్ చేసి, ఏ దారి మంచిదో చెప్పగలరు. మల్లి అరవై రెండో రోజున ఐదు పిల్లలను ఈనింది. దానికే ఇంకా ఒళ్ళు పూర్తిగా ఎదగలేదు. ఒక పిల్ల మూడో రోజున చనిపోయింది, మిగిలిన నాలుగింటికీ మంచి ఇళ్ళు చూడడానికి మాకు మూడు నెలలు పట్టింది.

మీరు మొదటి చుక్క కనిపించిన రోజు నుంచి కనీసం నాలుగు వారాలు పూర్తిగా లెక్కపెట్టండి. మూడు వారాలకే వాపు తగ్గి, మగకుక్కలు వెళ్ళిపోయినా, చివరి వారం కూడా తాళం తీయవద్దు. మల్లికి రెండోసారి ఇరవై నాలుగో రోజున గేటు ముందు ఒక్క కుక్క కూడా లేదు, అయినా ఇరవై ఎనిమిది దాకా ఆగాము. ఇంట్లో ఆపరేషన్ కాని మగకుక్క ఉంటే, అది తోడబుట్టినదైనా సరే, ఒకటి వేరే ఇంట్లో ఉండడమే మంచిది. ఒకే ఇంట్లో రెండు గదుల్లో ఉంచితే రెండూ తిండి మాని ఏడుస్తాయి.

ఎద ముగిసిన తరువాత రెండు నెలల దాకా మీ కన్ను దాని మీద ఉండాలి. నీళ్ళు అతిగా తాగడం, తిండి మానడం, వాంతులు, చీము వాసన ఉన్న స్రావం, ఇందులో ఏది కనిపించినా అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. గర్భాశయంలో చీము పట్టడం ప్రాణం తీసే జబ్బు. కొన్నిసార్లు చీము బయటికి రాకుండా లోపలే నిండిపోతుంది, అది మరింత ప్రమాదం. వయసు ముదిరిన కుక్కల్లో ఇది ఎక్కువ, చిన్నవాటిలోనూ వస్తుంది. చూలు లేకుండానే పొదుగు ఉబ్బి, పాలు వచ్చి, బొమ్మలను పిల్లల్లా దగ్గరికి తీసుకుంటే కంగారు పడకండి, కాని పొదుగును పిండకండి, పిండితే పాలు ఇంకా వస్తాయి.

ఆపరేషన్ విషయంలో మీ డాక్టరుగారి మాట సరైనదే. ఎదలో ఉన్నప్పుడు గర్భాశయానికి రక్తప్రసరణ ఎక్కువ కనుక, కోత పెట్టినప్పుడు నెత్తురు ఎక్కువ పోతుంది. సాధారణంగా ఎద ముగిశాక రెండు మూడు నెలలకు, అప్పటికి పాలు ఉంటే అవి కూడా ఇంకిపోయాక చేస్తారు. మరో ఎద ఆరేడు నెలలకు వస్తుంది కనుక మధ్యలో మీకు దొరికే వ్యవధి తక్కువే. ఈ వారంలోనే ఆసుపత్రికి ఫోన్ చేసి తేదీ అడిగి, గోడమీది క్యాలెండరులో గుండ్రంగా చుట్టండి. మల్లికి మేము అలాగే చుట్టాము, రెండో ఎద ముగిసిన పదకొండో వారంలో ఆపరేషన్ అయింది, పది రోజులకు కుట్లు విప్పారు.